ఉప్పు 'ఉప' అయిన చోట: ఒక డాక్యుమెంటేషన్ కాంట్రిబ్యూషన్ కేస్ స్టడీ

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో నేను చేసే పనిలో ఎక్కువ భాగం డాక్యుమెంటేషనే, అంటే సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడమే. దాంతోపాటు కొత్తగా వచ్చేవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మొదటి పుల్ రిక్వెస్ట్ (ప్రాజెక్టులో చేర్చమని పంపే మార్పు, పొట్టిగా పీఆర్) మెర్జ్ అయ్యేదాకా, అంటే ప్రాజెక్టులో కలిసేదాకా తోడుండే పని కూడా కొన్నేళ్ళుగా చేస్తున్నాను. ఈ కేసు అలా నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయిది. ఆమెను అడిగే రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, కంపెనీ, ఆమె వాడిన లైబ్రరీ (ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్) పేరు తీసేశాను. ఇంటి విషయాలు కొన్ని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

మొదటి పీఆర్‌తోనే గెలిచినవాళ్ళ కథలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని వదిలి దీన్నే రాయడానికి కారణం, ఇందులో నేనిచ్చిన సలహా ఒకటి ఆమె మూడు వారాల కష్టాన్ని నీళ్ళపాలు చేసింది. ఆ సలహా ఇచ్చేటప్పుడు అది సరైందనే నమ్మాను. ఇప్పటికీ చాలామంది సీనియర్లు అదే సలహా ఇస్తున్నారు.

నేపథ్యం

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తుంది. అప్పటికి రెండేళ్ళ అనుభవం. వాళ్ళ నాన్నగారికి ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది. కరోనా తర్వాత ఊళ్ళో చాలామంది సరుకుల చీటీని వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపడం మొదలుపెట్టారు. నెలాఖరున ఏ సరుకు ఎన్నిసార్లు అడిగారో లెక్క తీసి నాన్నకి ఇస్తే హోల్‌సేల్ సరుకు తెచ్చుకోవడానికి పనికొస్తుందని ఆమె ఆలోచన. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చు. టెక్స్ట్‌ని పదాలుగా విడగొట్టి లెక్కపెట్టే ఒక పేరున్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని అనుకుంది.

లెక్క వచ్చింది. అందులో ఉప్పు లేదు, 'ఉప' ఉంది. కందిపప్పు లేదు, 'పప' ఉంది. జీలకర్ర 'లకర' అయింది. ఆవాలు 'ఆవ' అయ్యాయి. మిరపకాయలు 'రపక', 'యల' అని రెండు ముక్కలయ్యాయి. బియ్యం, బెల్లం, నూనె, కారం అసలు జాబితాలోనే లేవు. ఆ నెల చీటీల్లో ఉన్న సరుకులన్నిటిలో 'వస' ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది.

ఆ జాబితా స్క్రీన్‌షాట్ ఆమె నాకు చూపించినప్పుడు, తెలుగు టెక్స్ట్‌తో పని చేసినవాళ్ళెవరికైనా తెలిసే విషయం నాకూ వెంటనే తెలిసింది. పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (టెక్స్ట్‌లో దేన్ని వెతకాలో చెప్పే నమూనా) రాసేటప్పుడు 'పదంలో రాదగ్గ అక్షరం' అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్ పక్కన డబ్ల్యూ పెడతాం. పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూల్ ఆ గుర్తు కింద అక్షరాలనీ అంకెలనీ అండర్‌స్కోర్‌నీ ఒప్పుకుంటుంది. మన అచ్చులూ హల్లులూ యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ కోసం నంబర్లిచ్చే ప్రమాణం) లెక్కలో అక్షరాలే. కానీ కొమ్ము, గుడి, ఎత్వం, పొల్లు, సున్న లాంటివి యూనికోడ్‌లో 'మార్క్' అనే వేరే వర్గంలో ఉంటాయి. అవి కనబడిన ప్రతి చోటా పైథాన్ పదం అక్కడితో అయిపోయిందనుకుంటుంది. ఈ లైబ్రరీ డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ మార్చకపోతే, కనీసం రెండు అక్షరాలు వరసగా ఉంటేనే పదంగా తీసుకుంటుంది. కాబట్టి 'ఉప్పు'లో 'ఉ'తో మొదలయ్యే వరస 'ఉప' దగ్గర ఆగిపోయింది, మిగిలిన 'ప' ఒంటరిది కాబట్టి పోయింది. 'నూనె'లో రెండు అక్షరాలు పక్కపక్కన లేనే లేవు, అందుకే మొత్తం మాయం. 'వస'కి ఏ గుర్తూ లేదు, అందుకే బతికింది.

ఇదంతా నాకు ఒక్క చూపులో అర్థమైంది. ఆమెకు రెండు రోజులు పట్టింది. మొదట ఫోన్ కీబోర్డ్ తప్పనుకుంది. తర్వాత ఫాంట్ అనుకుంది. ఆ తర్వాత ఫైల్ ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో దాచే పద్ధతి) మీద ఒక రాత్రంతా పోయింది. ఈ రెండు రోజుల విషయం అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఈ కేసులో అసలు విలువైన సమాచారం అదే.

నా దగ్గరకు వచ్చేసరికి

కారణం కనుక్కున్నాక ఆమె ఊరుకోలేదు. ఇలాంటి లైబ్రరీ తెలుగు పదాలను విరగ్గొట్టడం తప్పు, దాన్ని సరిచెయ్యాలి అనుకుంది. నా దగ్గరకు రాకముందే రెండు ప్రయత్నాలు చేసింది.

మొదటిది అక్టోబర్‌లో. ముందు చిన్నదానితో పరిచయం చేసుకుందామని, ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్‌లో రెండు కామాలు, ఒక స్పెల్లింగ్ సరిచేసి పీఆర్ పంపింది. జవాబేమీ లేకుండా క్లోజ్ అయింది. ఆమె టైమింగ్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఏటా అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం జరుగుతుంది, పీఆర్‌లు పంపినవాళ్ళకి ఒకప్పుడు టీషర్టు ఇచ్చేవాళ్ళు. 2020లో టీషర్టు కోసమే రీడ్‌మీల్లో అర్థంలేని మార్పులు చేసి పంపినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, నిర్వాహకులు కార్యక్రమం మొదలైన కొద్ది రోజులకే నియమం మార్చి, తామంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర్నుంచి అక్టోబర్‌లో వచ్చే రీడ్‌మీ పీఆర్‌ని చాలామంది మెయింటెయినర్లు (ప్రాజెక్టును చూసుకునేవాళ్ళు) చూడగానే పక్కన పెట్టేస్తున్నారు. ఆమె ఉద్దేశం మంచిదే. కానీ అది అవతలివాళ్ళకి కనబడే దారి ఆ పీఆర్‌లో లేదు.

రెండోది పెద్ద ప్రయత్నం. పైథాన్ సొంత మాడ్యూల్ తీసేసి, గుర్తుల్ని కూడా పదంలో భాగంగా చూసే బయటి మాడ్యూల్ 'రెజెక్స్' పెట్టింది. తొమ్మిది ఫైళ్ళు మార్చింది. ఫెయిలైన టెస్టుల్లో రావాల్సిన ఫలితాల్ని కూడా మార్చింది. నాలుగు వారాంతాలు పట్టింది. రెండు రోజుల్లో క్లోజ్ చేశారు. జవాబులో నాలుగు వాక్యాలు ఉన్నాయి: కొత్త డిపెండెన్సీ (వేరే ప్యాకేజీ మీద ఆధారపడటం) వద్దు, డిఫాల్ట్ మారిస్తే ఇప్పటికే వాడుతున్నవాళ్ళ ఫలితాలు మారిపోతాయి, పెద్ద మార్పుకు ముందు ఇష్యూ (ప్రాజెక్టు పేజీలో చర్చకు పెట్టే పోస్టు) తెరిచి మాట్లాడాలి, ఆసక్తికి థాంక్స్.

అప్పుడే ఒక మీటప్‌లో నన్ను కలిసింది. స్క్రీన్‌షాట్లు చూపిస్తూ, "అక్కా, వాళ్ళకి మన భాషంటే లెక్క లేదు. ఇంగ్లీష్‌కి సరిపోతే చాలు వాళ్ళకి" అంది. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువుంది.

నేను విన్న సమస్య, ఉన్న సమస్య

అప్పుడు నా ముందు రెండు పనులున్నాయి. ఒకటి ఆమె ధైర్యం చెదరకుండా చూడటం. రెండోది ఆ నాలుగు వాక్యాలను ఆమెతో మళ్ళీ చదివించడం. మొదటిదే ముందు చెయ్యాలనిపించింది గానీ, జవాబు సరిగ్గా అర్థం కాకుండా ఇచ్చే ధైర్యం నిలబడదని రెండోదానితోనే మొదలుపెట్టాను.

డిఫాల్ట్ మార్చడం ఎందుకు కుదరదో ఒక ఉదాహరణ చెప్పాను. "ఎవరో మూడేళ్ళ క్రితం ఇదే లైబ్రరీతో పదాల పట్టిక తయారుచేసి, దాని మీద ఒక మోడల్‌కి శిక్షణ ఇచ్చి దాచుకున్నారనుకో. రేపు లైబ్రరీ అప్‌డేట్ చేస్తారు. పదాలు విరిగే తీరు మారింది. పాత పట్టికకీ కొత్త పదాలకీ పొంతన లేదు. ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం మెల్లగా తప్పుతాయి. వాళ్ళకి ఎందుకో తెలియదు. నీకు ఇప్పుడు జరిగిందే అప్పుడు వాళ్ళకి జరుగుతుంది."

ఆ చివరి మాట ఆమెకు తగిలింది. టెస్టింగ్ చేసే మనిషి కదా, ఎర్రర్ రాకుండా తప్పు ఫలితం రావడం ఎంత ప్రమాదమో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకో విషయం కూడా చూపించాను. ఆ లైబ్రరీలో పద నమూనాను వాడేవాళ్ళే మార్చుకునే ఆప్షన్ ముందునుంచీ ఉంది. అంటే తెలుగుకి తలుపు మూసేసి లేదు. తలుపు ఎక్కడుందో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక్కడే నేను డాక్యుమెంటేషన్ వైపు తిప్పాను. అంతవరకు సరైన నిర్ణయమే. కానీ డాక్యుమెంటేషన్‌లో ఏం చెయ్యాలన్న దగ్గర తప్పు చేశాను.

నా తప్పు సలహా

ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఉంచే సైట్ గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో, డాక్యుమెంటేషన్ అసంపూర్తిగానో పాతబడో ఉంటోందని 93 శాతం మంది చెప్పారు. తాము డాక్యుమెంటేషన్ రాయడం అరుదనో, అసలు రాయమనో 60 శాతం మంది ఒప్పుకున్నారు. ఈ అంకెలు నేను ప్రతి మీటప్‌లోనూ చెబుతాను. ఆమెకీ చెప్పాను. కొరత ఉంది, ఆమెకు తెలుగు బాగా వచ్చు, తెలుగు మీద ప్రేమ ఉంది. ఈ మూడూ కలిపి, "మొదలుపెట్టేవాళ్ళ కోసం ఉన్న పేజీని తెలుగులోకి తెచ్చెయ్" అన్నాను. అనువాదం కొత్తవాళ్ళకి సులువైన మెట్టు అని అప్పట్లో నా అభిప్రాయం.

ఆమె మూడు వారాలు కష్టపడింది. ఆ ప్రాజెక్టు డాక్స్ (డాక్యుమెంటేషన్ పేజీలు) స్ఫింక్స్ అనే టూల్‌తో తయారవుతాయి. స్ఫింక్స్ ఇంగ్లీష్ వాక్యాలన్నిటినీ పీఓ ఫైళ్ళలోకి తీసి ఇస్తుంది, ఒక్కో దాని కింద మన అనువాదం రాసుకుంటూ పోవాలి. 'టోకెన్'ని (టెక్స్ట్‌ని విడగొడితే వచ్చే ఒక్కో ముక్కని) పదాంశం అనాలా, టోకెన్ అనే వదిలెయ్యాలా అని మేమిద్దరం ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. టోకెన్ అనే ఉంచాం. అనువాదం చాలా బాగా వచ్చింది, అందులో సందేహం లేదు.

పీఆర్ పంపింది. మెయింటెయినర్ మర్యాదగానే అడిగారు: మాలో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరు, దీన్ని ఎవరు రివ్యూ చేస్తారు? రేపు ఇంగ్లీష్ పేజీ మారితే దీన్ని ఎవరు మారుస్తారు? మా దగ్గర జవాబు లేదు. పీఆర్ తెరిచే ఉంది. ఈలోగా కొత్త వెర్షన్ వచ్చింది. ఆ పేజీ ఇంగ్లీష్‌లో చాలాచోట్ల మారింది. ఇంగ్లీష్ వాక్యం మారినప్పుడు దాని పాత అనువాదం మీద 'ఫజీ' అని ముద్ర పడుతుంది, మనిషి చూసి సరిచేసేదాకా ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. బిల్డ్ చేసి చూస్తే ఒక వాక్యం తెలుగు, రెండు వాక్యాలు ఇంగ్లీష్. ఆమే ఆ పీఆర్‌ని క్లోజ్ చేసింది. ఆ రోజు నాకు మెసేజ్ కూడా పెట్టలేదు.

తర్వాత ఆలోచిస్తే నేను రెండు ప్రశ్నలు వెయ్యకుండా దాటేశానని అర్థమైంది. మొదటిది మెయింటెయినర్ అడిగిందే: రెండో మనిషి ఎవరు? ఒక్కరితో నడిచే అనువాదం ఆ ఒక్కరికి పెళ్ళి కుదిరినా, ఉద్యోగం మారినా ఆగిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఈ పేజీ ఎవరి కోసం? ఈ లైబ్రరీ వాడే తెలుగువాళ్ళు పైథాన్‌ని ఇంగ్లీష్‌లోనే నేర్చుకున్నారు, ఎర్రర్ మెసేజ్‌లు ఇంగ్లీష్‌లోనే చదువుతారు. వాళ్ళు పడిపోతున్న చోటు ఇంగ్లీష్ కాదు. తమ తెలుగు టెక్స్ట్‌కి లోపల ఏం జరుగుతోందో ఏ భాషలోనూ రాసి లేకపోవడం. వాళ్ళకి అప్పుడు కావలసింది తెలుగు గురించిన డాక్యుమెంటేషన్. నేను తెలుగులో డాక్యుమెంటేషన్ రాయించాను.

పద్నాలుగు లైన్ల మెసేజ్

నెల తర్వాత ఆమె కాలేజీ జూనియర్ ఒకబ్బాయి ఆమెకు మెసేజ్ పెట్టాడు. పాత పద్యాల్లో పదాలు లెక్కపెడుతున్నాడు, పదాలు విరిగిపోతున్నాయి. ఆమె వాట్సాప్‌లో పద్నాలుగు లైన్ల జవాబు రాసింది. అతనికి అరగంటలో పని అయిపోయింది. ఆమె ఆ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేసి, "చూడక్కా, ఇంకొకడు దొరికాడు" అని రాసింది. అది ఇలా మొదలవుతుంది:

"ముందు మొత్తం ఫైల్ ఇవ్వకు. ఒక్క పదం ఇచ్చి చూడు. ఉప్పు అని ఇస్తే ఉప అని వచ్చిందా? అయితే నీ కీబోర్డ్ తప్పు కాదు, ఫాంట్ తప్పు కాదు, ఎన్‌కోడింగ్ జోలికి అసలు పోకు. నేను ఒక రాత్రి పోగొట్టుకున్నా."

చదివి ఆమెకు ఫోన్ చేశాను. "నువ్వు రాయాల్సిన డాక్యుమెంటేషన్ ఇది. రాసేశావు కూడా" అన్నాను. ఆమె నమ్మలేదు. ఇది వాట్సాప్ మెసేజ్ కదా అంది.

ఆ మెసేజ్‌లో నాకు కనిపించింది ఏంటంటే, అది కారణంతో మొదలవలేదు, లక్షణంతో మొదలైంది. నేను రాసి ఉంటే యూనికోడ్ వర్గాల గురించి రెండు పేరాలు రాసి, తర్వాత పరిష్కారం చెప్పేదాన్ని. నా పేజీ అప్పటికే కారణం తెలిసినవాళ్ళకి దొరికేది. 'ఉప' అనే ముక్కను చూస్తూ కూర్చున్నవాళ్ళకి దొరికేది కాదు. ఎక్కడెక్కడ వెతకనక్కర్లేదో చెప్పడం నాకు తట్టేదే కాదు, ఎందుకంటే నేను ఆ చోట్ల వెతకలేదు. ఆమె పోగొట్టుకున్న ఆ రెండు రోజులు ఇక్కడ పనికొచ్చాయి. ఆ దారి ఆమెకు ఇంకా గుర్తుంది. ఇంకో ఏడాది ఆగితే ఆమె కూడా మర్చిపోయేది.

ఈసారి ఇష్యూతో

రెండు పీఆర్‌లు క్లోజ్ అయ్యాయి, ఒకటి ఆమే క్లోజ్ చేసుకుంది. కాబట్టి ఈసారి ముందు ఇష్యూ తెరవాలని, అది ఒక్క స్క్రీన్ దాటకూడదని అనుకున్నాం. ఒక పదం, ఒక కోడ్ లైన్, వచ్చిన ఫలితం, రావాల్సిన ఫలితం. కింద మూడు ప్రశ్నలు: డిఫాల్ట్ మార్చమని అడగటం లేదు, ఈ సంగతి డాక్స్‌లో చెప్పడం మీకు సమ్మతమేనా? అయితే ఏ పేజీలో? తెలుగు ఒక్కటేనా, ఇదే సమస్య ఉన్న మిగతా లిపులు కూడానా?

డ్రాఫ్ట్‌లో ఆమె 2018 ఫిబ్రవరి నాటి ఐఫోన్ సంగతి కూడా రాసింది. 'జ్ఞా'లో ఒక కనబడని అక్షరం కలిసిన చిన్న తెలుగు ముక్క మెసేజ్‌లో వస్తే యాప్‌లు క్రాష్ అయ్యేవి, ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. తెలుగును పట్టించుకోకపోతే ఏమవుతుందో చూపడానికి మంచి ఉదాహరణ అని ఆమె వాదన. తీసెయ్యమన్నాను. అది అక్షరాలను తెరమీద చూపించే దగ్గర వచ్చిన సమస్య, ఇది పదాలను విడగొట్టే దగ్గర వచ్చింది. రెండూ కలిపితే చదివేవాళ్ళు మన సమస్యను కూడా వేరే దాంతో పొరబడతారు. అదీగాక ఆ పేరా ఒక ఫిర్యాదులా ఉంది, మనకు కావాల్సింది ఒక అనుమతి. ఆమె కాసేపు వాదించి తీసేసింది.

పదకొండు రోజులు జవాబు లేదు. ఆ పదకొండు రోజులూ ఆమెకు టెన్షనే. నాలుగో రోజు "గుర్తు చెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ ప్రాజెక్టు చూసేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలయ్యాక చూసేవాళ్ళు. రెండు వారాలు దాటితే ఒక్కసారి అడుగుదాం, అదీ కొత్త సమాచారం ఏదైనా జతచేసి అడుగుదాం అని చెప్పాను. పన్నెండో రోజు జవాబొచ్చింది. బాగుంది, పదాల విభజన గురించి ఉన్న పేజీలోనే ఒక సెక్షన్ పెట్టండి, కొత్త డిపెండెన్సీ అక్కర్లేకుండా చూడండి, కనీసం ఇంకో లిపి కూడా ఉంటే మంచిది.

ఆమెకు సెక్షన్ కాకుండా 'భారతీయ భాషలు' అని వేరే పేజీ కావాలి. గౌరవంగా ఉంటుందంది. ఆ మాటలోని మనసు నాకు అర్థమైంది. కానీ 'ఉప' చూసినవాళ్ళు భారతీయ భాషల పేజీ కోసం వెతకరు, తాము వాడిన ఫంక్షన్ పేజీకే వెళ్తారు. తప్పు జరిగే చోటే హెచ్చరిక ఉండాలి. సెక్షన్ శీర్షిక కూడా అందుకే లక్షణంతోనే పెట్టాం: పదాలు విరుగుతున్నా, మాయమవుతున్నా.

రివ్యూలో బయటపడ్డవి

పద నమూనాలో తెలుగు యూనికోడ్ బ్లాక్ మొత్తాన్ని, అంటే తెలుగుకి కేటాయించిన 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు నంబర్లన్నీ చేర్చుకోమని ఆమె రాసింది. సూటిగా ఉంది. కానీ పాత నమూనాకి అటూ ఇటూ ఉన్న 'పదం హద్దు' గుర్తులను అలాగే ఉంచింది. పీఆర్ పంపేముందు సరుకుల జాబితా మీద నడిపితే ఉప్పు 'ఉప్ప' అని వచ్చింది. పసుపు 'పసుప', బెల్లం 'బెల్ల'. వంకాయ మాత్రం సరిగ్గా ఉంది.

ఇది నాకూ వెంటనే అంతుపట్టలేదు. ఇద్దరం కాగితం మీద ఒక్కో అక్షరం రాసుకుని చూశాం. హద్దు గుర్తు కూడా ఆ పాత లెక్క మీదే ఆధారపడుతుంది. ఒకవైపు 'పదాక్షరం', రెండోవైపు కానిది ఉంటేనే దానికి హద్దు. ఉప్పు చివర కొమ్ము ఉంది, దాని తర్వాత ఖాళీ ఉంది. పైథాన్ దృష్టిలో ఆ రెండూ పదాక్షరాలు కావు, కాబట్టి అక్కడ హద్దే లేదు. వెనక్కి జరిగి, చివరి 'ప' తర్వాత హద్దు దొరికితే అక్కడ కోసేసింది. వంకాయ గుర్తు లేని హల్లుతో అయిపోతుంది కాబట్టి తప్పించుకుంది. హద్దు గుర్తులు తీసేస్తే సరిపోయింది. ఒక్క పదంతో పరీక్షించి, ఆ పదం వంకాయ అయి ఉంటే ఈ తప్పుతోనే పీఆర్ వెళ్ళిపోయేది. అందుకే డాక్స్‌లో ఉదాహరణకి గుర్తుతో ముగిసే పదాన్నీ, సున్నతో ముగిసే పదాన్నీ, హల్లుతో ముగిసే పదాన్నీ మూడూ పెట్టాం.

రెండో లోపం రివ్యూవర్ పట్టుకున్నారు, తెలుగు రానివాళ్ళే. ఈ లిపుల్లో కనబడని జాయినర్లు (అక్షరాలు కలవాలో విడిగా ఉండాలో చెప్పే గుర్తులు) వాడతారు కదా, అవి బ్లాక్ బయట ఉన్నాయి, వాటి సంగతేంటి అని అడిగారు. నిజమే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట్' తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం, లేకపోతే 'వ' ఒత్తుగా కిందికి పోతుంది. అది తెలుగు బ్లాక్‌లో లేదు. ఆమె నమూనా ఆ పదాన్ని 'సాఫ్ట్', 'వేర్' అని రెండు చేసింది. కిరాణా చీటీల్లో అలాంటి పదాలు తక్కువ కాబట్టి మా కంట పడలేదు. "మన భాషంటే లెక్క లేదు" అని ఆమె అన్న అదే ప్రాజెక్టులో, మన భాష రాని మనిషి ఇది అడిగారు. ఆమె ఆ కామెంట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది.

జాయినర్ చేర్చాక డాక్‌టెస్ట్ ఫెయిలైంది. ఈ ప్రాజెక్టులో డాక్స్‌లోని ప్రతి ఉదాహరణనీ ఆటోమేటిక్‌గా నడిపి, రాసిన ఫలితం, వచ్చిన ఫలితం ఒకటేనా అని సరిచూస్తారు. పైపైన చూస్తే రెండు లైన్లూ ఒకేలా అనిపించాయి, అయినా ఎర్రజెండా. ఆమె ఫలితంలో 'సాఫ్ట్‌వేర్' అని మామూలుగా టైప్ చేసింది. కానీ పైథాన్ జాబితాను ముద్రించేటప్పుడు కనబడని అక్షరాన్ని కనబడేలా, బ్యాక్‌స్లాష్, యూ, 200సి అని ఆరు అక్షరాలుగా రాస్తుంది. లాగ్ పూర్తిగా తెరిస్తే పదం నడిమధ్యలో ఆ ఆరు అక్షరాలూ ఉన్నాయి. ఆమె దాన్ని సరిచేసి ఊరుకోకుండా, ఆ లైన్ కింద ఒక వాక్యం చేర్చింది: మీ ఫలితంలో ఇది కనిపిస్తే మీ డేటా పాడవలేదు. ఆ వాక్యం నేను చెప్పింది కాదు.

మిగతా కామెంట్లు చిన్నవి. ఇంగ్లీష్‌లో 'సింప్లీ', 'జస్ట్' అనే మాటలు తీసెయ్యమన్నారు. చదివేవాళ్ళకి అది సులువు కాకపోతే తమదే లోపమనుకుంటారని కారణం చెప్పారు. రెండో లిపిగా తమిళం పెట్టాం. ఆమెకు తమిళం రాదు, ఆఫీసులో పక్క సీటు తమిళ అబ్బాయితో మూడు పదాలు రాయించి, ఫలితాలు అతని చేతే చూపించింది. అనువాదం దగ్గర నేను మర్చిపోయిన రెండో మనిషిని ఈసారి ఆమే వెతుక్కుంది.

నాలుగు రౌండ్ల రివ్యూ తర్వాత మెర్జ్ అయింది. మొత్తం 41 లైన్లు. ఇష్యూ తెరిచిన రోజు నుంచి ఏడు వారాలు.

ఇప్పుడు నేను వేరుగా చేసేవి

కొత్తవాళ్ళు వస్తే ఏ ఇష్యూ తీసుకోవాలో నేను చెప్పడం మానేశాను. ముందు ఒక పని ఇస్తాను: ఈ సాఫ్ట్‌వేర్ వాడుతూ నువ్వు ఎక్కడ ఆగిపోయావో, అప్పుడు ఏమనుకున్నావో, ఎక్కడెక్కడ వెతికావో మీ తమ్ముడికి చెప్పినట్టు తెలుగులో రాసి పంపు. ఇంగ్లీష్‌లో అడిగితే అందరూ రిపోర్ట్ రాస్తారు, వెతికి వృథా చేసిన చోట్లు సిగ్గుపడి తీసేస్తారు. తెలుగులో మెసేజ్‌లా అడిగితే అవన్నీ ఉంటాయి. డాక్యుమెంటేషన్‌కి ముడిసరుకు అదే. నేను సొంతంగా రాయబోయే సెక్షన్లకి కూడా ఇప్పుడు ముందు ఒక కొత్త మనిషిని కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ ఆగుతారో చూసి మొదలుపెడుతున్నాను.

డాక్స్‌ని కోడ్‌కి ముందు వచ్చే తేలిక మెట్టుగా చెప్పడం కూడా మానేశాను. ఈ కేసులో హద్దు గుర్తు తప్పునీ, జాయినర్ తప్పునీ పట్టించింది ఆ 41 లైన్లు రాయాల్సి రావడమే. తొమ్మిది ఫైళ్ళ కోడ్ పీఆర్ నడిచినప్పుడు ఆ రెండు సంగతులూ ఎవరి ఆలోచనలోకీ రాలేదు.

క్లోజైన పీఆర్‌తో ఎవరైనా వస్తే, ఓదార్చే ముందు ఆ జవాబును ఇద్దరం కలిసి వాక్యం వాక్యం చదువుతాం. ఆ నాలుగు వాక్యాల్లో 'ముందు ఇష్యూ తెరవండి' అని స్పష్టంగా ఉంది. బాధలో ఉన్న మనిషికి అది కనబడదు. ఆ రోజు నాకు కూడా అది ముఖ్యంగా కనబడలేదు, అందుకే అనువాదాన్ని కూడా ఇష్యూ లేకుండానే పంపించాను.

ప్రస్తుత పరిస్థితి: డిఫాల్ట్ మారలేదు, మారే సూచన లేదు. వేరే భాషలవాళ్ళు ఇదే సమస్యతో ఇష్యూ తెరిచినప్పుడు మెయింటెయినర్లు ఆ సెక్షన్ లింక్ ఇస్తున్నారు. కన్నడ ఉదాహరణ చేరుస్తూ వచ్చిన పీఆర్‌ని రివ్యూ చెయ్యమని ఆమెనే అడిగారు. ఆమె పెట్టిన మొదటి కామెంట్, 'సున్నతో ముగిసే పదం ఒకటి చేర్చండి' అని.

కొట్టు లెక్క నెలనెలా వెళ్తోంది. పాత తెలుగు అనువాదం ఇంకా ఆమె బ్రాంచ్‌లోనే (కోడ్ తాలూకు ఆమె సొంత కాపీలోనే) ఉంది. పద్యాలు లెక్కపెట్టిన ఆ జూనియర్ రివ్యూ చేస్తానన్నాడు. ఈసారి పేజీ మొత్తం కాకుండా, తను రాసిన ఆ 41 లైన్ల సెక్షన్‌తో మొదలుపెడతామని, ఇష్యూ డ్రాఫ్ట్ మొన్న ఆదివారం నాకు పంపింది. అందులో రివ్యూ ఎవరు చేస్తారన్న లైన్ అన్నిటికన్నా పైన ఉంది.